బెడ్‌ఫర్డ్ డీ-డే మెమోరియల్: మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

మేం రోనోక్ దగ్గర ఉంటాం. సమ్మర్ వచ్చిందంటే చాలు డీసీ వైపు నుంచో, రిచ్‌మండ్ నుంచో, షార్లెట్ నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, "అమ్మానాన్న వచ్చారు, మీ పక్కన ఏదో వార్ మెమోరియల్ ఉందంట కదా, వెళ్ళొచ్చా" అని. చుట్టాల్ని, ఫ్రెండ్స్‌ని తీసుకెళ్ళి తీసుకెళ్ళి ఎవరు ఏం అడుగుతారో నాకు బాగా తెలిసిపోయింది, అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరకి నేరుగా వెళ్ళిపోండి, దేని జవాబు దానికే ఉంది.

## బయల్దేరే ముందు

అసలు ఇది పార్కా, మ్యూజియమా, ఏంటండీ?

స్మారకం. 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లో నార్మండీ తీరం మీద దిగిన రోజు చనిపోయిన మిత్రదేశాల సైనికుల కోసం కట్టింది. వర్జీనియాలోని బెడ్‌ఫర్డ్ కౌంటీలో, బ్లూ రిడ్జ్ కొండలు కనపడేచోట ఒక గుట్ట మీద ఉంటుంది. దాదాపు అంతా ఆరుబయటే. అద్దాల బీరువాల్లో తుపాకులు, యూనిఫాంలు ఉంటాయనుకుని వచ్చేవాళ్ళకి ముందే చెప్తున్నా, ఇక్కడ చూడాల్సింది విగ్రహాలు, నీళ్ళు, రాయి, పేర్లు. 2001 జూన్ 6న అప్పటి ప్రెసిడెంట్ జార్జ్ డబ్ల్యూ బుష్ వచ్చి ప్రారంభించారు.

డీ-డే లో డీ అంటే ఏంటి? డెత్ అనా?

కాదు. డీ అంటే ఉత్త "డే" నే. మిలిటరీ వాళ్ళు దాడి తేదీ బయటికి చెప్పకుండా ప్లాన్ రాసుకోవాలి కాబట్టి ఆ రోజుని డీ-డే అని, మొదలయ్యే టైంని హెచ్-అవర్ అని రాసుకునేవాళ్ళు. ఏ దాడికైనా అలాగే రాసేవాళ్ళు, కానీ జూన్ 6 అంత పెద్దది కావడంతో పేరు దానికే అతుక్కుపోయింది.

నేషనల్ మెమోరియల్ అంటున్నారు, వాషింగ్టన్‌లో కట్టకుండా ఈ పల్లెల మధ్య ఎందుకు కట్టారు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, నాకు చెప్పబుద్ధయ్యే ప్రశ్న కూడా ఇదే. 1944లో బెడ్‌ఫర్డ్ టౌన్ జనాభా సుమారు 3,200. మన దగ్గర ఒక పెద్ద పంచాయతీ అనుకోండి. ఆ ఊరి కుర్రాళ్ళు ఒకే కంపెనీలో (సైన్యంలో ఒక చిన్న దళం) ఉన్నారు, ఆ కంపెనీ నార్మండీలోని ఒమాహా బీచ్‌లో మొట్టమొదటి దఫాలోనే దిగింది, మధ్యాహ్నం కాకముందే వాళ్ళలో ఇరవై మంది దాకా లేరు. జనాభా లెక్కన చూస్తే ఆ ఒక్కరోజు అమెరికాలో ఇంతకంటే ఎక్కువ పోగొట్టుకున్న ఊరు ఇంకోటి తెలీదు. అందుకే డీ-డే స్మారకం ఎక్కడ ఉండాలన్న మాట వచ్చినప్పుడు ఇక్కడే అని నిలిచింది, 1996లో అమెరికా కాంగ్రెస్ కూడా "నేషనల్" అన్న పేరు ఇచ్చింది. దీని వెనక పట్టు పట్టిన మనిషి రోనోక్‌కి చెందిన బాబ్ స్లాటర్, ఆయన కూడా ఆ కంపెనీ ఉన్న 116వ రెజిమెంట్‌లోనే ఒమాహాలో దిగి బతికి వచ్చినవాడే. నన్నడిగితే ఇది వాషింగ్టన్‌లో ఉంటే వంద స్మారకాల్లో ఒకటైపోయేది. ఇక్కడైతే పోయినవాళ్ళు ఏ రోడ్ల మీద తిరిగారో, ఏ కొండల్ని చూస్తూ పెరిగారో అవి కూడా మనకి కనపడతాయి.

ఒకే ఊరివాళ్ళు అంతమంది ఒకే కంపెనీలో ఎలా ఉన్నారు?

నేషనల్ గార్డ్ వల్ల. అది ఊరి దగ్గరే ఉండి అప్పుడప్పుడు డ్రిల్ చేసే దళం. 1930ల్లో పనులు లేని రోజులు, డ్రిల్‌కి వస్తే నాలుగు డబ్బులు చేతికొస్తాయి, యూనిఫాం ఇస్తారు, ఫ్రెండ్స్ అందరూ అందులోనే ఉన్నారు. అలా అన్నదమ్ములు, బావమరుదులు, ఒకే స్కూల్లో చదివినవాళ్ళు అందరూ "కంపెనీ ఏ" లో చేరిపోయారు. 1941 ఫిబ్రవరిలో ఆ గార్డ్‌ని ఫెడరల్ సర్వీస్‌లోకి తీసుకున్నారు, ఏడాది ట్రైనింగ్ అనుకుని వెళ్ళారు, ఆ డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ జరిగింది, ఇక వెనక్కి రాలేదు. 1942లో క్వీన్ మేరీ ఓడలో ఇంగ్లండ్ చేరి దాదాపు 20 నెలలు అక్కడే ట్రైనింగ్ చేశారు. ఒక ఊరి కుర్రాళ్ళని ఒకేచోట ఉంచితే వచ్చే నష్టం కూడా ఆ ఒక్క ఊరి మీదే పడుతుంది, బెడ్‌ఫర్డ్‌లో అదే జరిగింది.

చనిపోయింది 19 మందా, 20 మందా? ఒక్కోచోట ఒక్కో నంబర్ ఉంది

పాత పుస్తకాల్లో, ఆర్టికల్స్‌లో 19 ఉంటుంది, ఈమధ్య రాసినవాటిలో 20 కనిపిస్తుంది, రికార్డులు మళ్ళీ తిరగేస్తే లెక్క మారింది. ఇదికాక ఆ తర్వాత నార్మండీ యుద్ధంలోనే పోయిన బెడ్‌ఫర్డ్ వాళ్ళు ఇంకొందరు ఉన్నారు, వాళ్ళని కూడా కలిపి చెప్పేవాళ్ళు ఇంకా పెద్ద నంబర్ చెప్తారు. ఎవరూ అబద్ధం రాయలేదు, ఏ రోజు దాకా లెక్కపెట్టారన్నదే తేడా.

మా దగ్గర నేషనల్ పార్క్ పాస్ ఉంది, చెల్లుతుందా?

చెల్లదు. పేరులో నేషనల్ ఉంది గానీ ఇది ప్రభుత్వ పార్క్ సర్వీస్ కింద లేదు, లాభాపేక్ష లేని ఒక ఫౌండేషన్ నడుపుతుంది, టికెట్ కొనుక్కోవాలి. రేట్లు, టైమింగ్స్ మారుతుంటాయి, చలికాలంలో కొన్ని రోజులు మూసేస్తారు, కాబట్టి బయల్దేరే ముందు వాళ్ళ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

డీసీ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రావచ్చా?

రావచ్చు గానీ పోనూ రానూ కలిపి ఎనిమిది గంటలు కారులోనే, పెద్దవాళ్ళతో అయితే వద్దనే చెప్తా. రోనోక్‌లోనో లించ్‌బర్గ్‌లోనో ఒక రాత్రి ఉండండి, రెండూ అరగంట, ముప్పావుగంట దూరమే, బెడ్‌ఫర్డ్ రెండిటికీ మధ్యలో 460 రూట్ మీద ఉంటుంది. మర్నాడు పొద్దున పీక్స్ ఆఫ్ ఆటర్ కొండలు కూడా చూసుకుని వెళ్ళొచ్చు, బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీద చాలా దగ్గర.

కారు లేదు, ట్రైన్‌లో వెళ్ళొచ్చా?

ట్రైన్ బెడ్‌ఫర్డ్‌లో ఆగదు. లించ్‌బర్గ్‌లోనో రోనోక్‌లోనో దిగి అక్కడినుంచి క్యాబ్ చూసుకోవాలి, తిరిగొచ్చే క్యాబ్ దొరకడం కష్టం కాబట్టి రెంటల్ కారే నయం.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నడవగలదా? ఎండ ఎలా ఉంటుంది?

దారులన్నీ చదునుగా పేవ్ చేసి ఉంటాయి, వీల్‌చెయిర్ తీసుకెళ్ళొచ్చు, మధ్యలో కూర్చోడానికి బెంచీలు ఉంటాయి. ఎక్కువ నడవలేని వాళ్ళుంటే టికెట్ దగ్గరే చెప్పి ఏం ఏర్పాటు ఉందో అడగండి. అసలు ఇబ్బంది ఎండే. జూన్, జులైలో మధ్యాహ్నం ఆ రాతి ప్లాజాలు పెనంలా కాలిపోతాయి, నీడ తక్కువ. తలుపులు తీసే టైంకే వెళ్ళిపోండి, టోపీ, గొడుగు, నీళ్ళ బాటిల్ పెట్టుకోండి.

చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? భయపడతారా?

రక్తం అలాంటివేం ఉండవు, కానీ ఇసుకలో పడి చనిపోయిన సైనికుడి విగ్రహం ఉంది, అది దాటేసి వెళ్ళడం కుదరదు. మా పాప ఐదేళ్ళప్పుడు దాని దగ్గర ఆగి "ఈ అంకుల్ నిద్రపోతున్నాడా" అని అడిగింది. కాదమ్మా చనిపోయాడు, వాళ్ళ ఊరు ఇదే అని చెప్పా. కాసేపు చూసి, తన వాటర్ బాటిల్ తీసి ఆ విగ్రహం పక్కన పెట్టబోయింది. పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పడమే మంచిదని నా అభిప్రాయం, వాళ్ళు అర్థం చేసుకుంటారు.

## లోపలికి వెళ్ళాక

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు నడవాలి?

మూడు అంచెలుగా కట్టారు, కథ వరసలోనే నడవండి. మొదట ఇంగ్లీష్ తోట, అది ప్లానింగ్ జరిగిన ఇంగ్లండ్‌కి గుర్తు, పూలమొక్కల్ని మంటలు లేస్తున్న కత్తి ఆకారంలో నాటారు, అది మిత్రసేనల హెడ్‌క్వార్టర్స్ బ్యాడ్జి. చివర్లో చిన్న మండపంలో మిత్రసేనల సుప్రీం కమాండర్ ఐసెన్‌హోవర్ విగ్రహం నిలబడి ఉంటుంది, అక్కడ తలెత్తి చూడండి, పైకప్పు మీద దాడి మ్యాప్ ఉంటుంది, చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. తర్వాత బీచ్, నీళ్ళు, పడవ, గోడ ఎక్కుతున్న సైనికులు. చివర్లో పైన ఆర్చ్, జెండాలు. చాలామంది నేరుగా ఆర్చ్ దగ్గరకెళ్ళి ఫోటోలు దిగి కారెక్కేస్తారు, అలా చేయకండి ప్లీజ్, కింద నుంచి నడిచొస్తేనే ఆ ఆర్చ్ దగ్గర ఎందుకు నిలబడ్డామో తెలుస్తుంది. గంటన్నర, రెండు గంటలు పెట్టుకోండి. వాలంటీర్ గైడ్ టూర్ ఉంటే తప్పకుండా వెళ్ళండి.

ఆ నీళ్ళలో టప్ టప్ మని ఎగురుతున్నాయి, అవేంటి?

తూటాలు నీళ్ళలో పడుతున్నట్టు కింద నుంచి గాలి కొట్టే ఏర్పాటు. పడవ తలుపు తెరుచుకుని ఉంటుంది, దాని ముందు నీళ్ళు, నీళ్ళలో ఇసుకవైపు ఈడ్చుకుంటూ వెళ్తున్న సైనికుడు, చుట్టూ ఈ చప్పుడు. ఫోటోలో ఇది తెలీదు. ఎప్పుడు ఎక్కడ ఎగురుతుందో మనకి అంతుపట్టదు, రెండు నిమిషాలు మాట్లాడకుండా అక్కడ నిలబడితే ఒళ్ళు జలదరిస్తుంది. మా మావయ్యగారు ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, అక్కడ పావుగంట నోరు తెరవలేదు.

ఒమాహాలోనే అంతమంది ఎందుకు పోయారు? ముందు బాంబులు వేయలేదా?

వేశారు, కానీ ఆ పొద్దున మబ్బులు కమ్మి ఉన్నాయి, సొంత పడవల మీద పడతాయేమోనని విమానాలవాళ్ళు కాస్త ఆలస్యంగా వదిలారు, ఆ బాంబులు తీరం దాటి లోపల పొలాల్లో పడ్డాయి. తీరం మీది జర్మన్ తుపాకులు అలాగే ఉన్నాయి. సముద్రంలో తేలుతూ వచ్చేలా తయారుచేసిన ట్యాంకులు అలలకి చాలా మునిగిపోయాయి. అలలు వెనక్కి పోయిన టైం కాబట్టి అడ్డం లేని ఇసుక మీద దూరం పరుగెత్తాలి. పొద్దున ఆరున్నర దాటాక కంపెనీ ఏ దిగింది వీర్‌విల్ అనే ఊరికి వెళ్ళే దారి ఎదురుగా, సరిగ్గా తుపాకులు గురిపెట్టి ఉన్నచోట. కెప్టెన్ టేలర్ ఫెలర్స్ బెడ్‌ఫర్డ్ కౌంటీ మనిషే, ఆయనా, ఆయన పడవలో ఉన్నవాళ్ళందరూ చనిపోయారు.

ఆర్చ్ 44 అడుగుల 6 అంగుళాలే ఎందుకు? ఆ నలుపు తెలుపు చారలేంటి?

6-6-44 తేదీకి గుర్తుగా ఆ ఎత్తు. పైన ఓవర్‌లార్డ్ అని రాసి ఉంటుంది, అది ఆ ఆపరేషన్ పేరు. చారలు ఆ రోజు మిత్రదేశాల విమానాల రెక్కల మీద వేసినవి, కిందున్న సొంతవాళ్ళు పొరపాటున కాల్చకుండా గుర్తుపట్టడానికి.

గోడ మీద ఎన్ని పేర్లు ఉన్నాయి?

4,400 పైచిలుకు. అమెరికన్లు 2,500 దాకా, మిగతావాళ్ళు బ్రిటన్, కెనడా, ఇంకా ఇతర దేశాలవాళ్ళు. ఈ పేర్ల గోడే నా దృష్టిలో ఇక్కడ అన్నిటికంటే గొప్ప పని. అంతకుముందు డీ-డే రోజు ఎంతమంది పోయారంటే అందాజాగా చెప్పేవాళ్ళే గానీ పేరు పేరునా లెక్క ఎవరి దగ్గరా లేదు. ఈ ఫౌండేషన్ వాళ్ళు సంవత్సరాల తరబడి ఒక్కో రికార్డు తిరగేసి, ఆ ఒక్కరోజు చనిపోయాడని రుజువు దొరికిన ప్రతి మనిషి పేరూ తీశారు, లెక్క అప్పటిదాకా అనుకున్నదానికంటే చాలా పెరిగింది. ఇప్పటికీ కొత్త పేరు తేలితే చేరుస్తారు. వేళ్ళతో ముట్టుకోవచ్చు. ఒక్క ప్లేట్ అయినా పైనుంచి కిందదాకా చదవండి, లోపల చదువుకోకుండా పైకి చదవండి, ఇంటిపేరు, పేరు, ఇంటిపేరు, పేరు, అప్పుడు నంబర్ అంటే ఏంటో అర్థమవుతుంది.

మన ఇండియన్ సైనికులు ఎవరైనా ఉన్నారా?

ఇండియన్ ఆర్మీ డివిజన్ ఏదీ నార్మండీలో దిగలేదు. అదే రోజుల్లో మనవాళ్ళు ఇటలీలో ఉన్నారు, అటు ఇంఫాల్, కోహిమాల దగ్గర జపాన్ సైన్యంతో పోరాడుతున్నారు. ఈ గోడ ఒక్క జూన్ 6కే, ఒక్క ఆ దాడికే. మనవాళ్ళ పేర్లు చూడాలంటే కోహిమా వార్ సిమెట్రీకి, ఇటలీలో కసీనో దగ్గర సిమెట్రీకి వెళ్ళాలి, అక్కడ చాలా ఉన్నాయి.

దవడ ఎగిరిపోయిన ఒక విగ్రహం ఉంది, విరిగిపోతే బాగుచేయలేదా?

అది కావాలనే అలా ఉంచారు. ఫ్రాన్స్‌లో ట్రెవియేర్ అనే ఊళ్ళో మొదటి ప్రపంచయుద్ధంలో పోయినవాళ్ళ కోసం పెట్టిన స్మారకానికి ఇది నకలు, హెల్మెట్ పెట్టుకున్న స్త్రీ రూపం. 1944లో షెల్ తగిలి ముఖం కింది భాగం పోయింది. ఆ ఊరివాళ్ళు అలాగే ఉంచేశారు, ఇక్కడ కూడా ఆ గాయంతోనే పోతపోశారు. ఒక యుద్ధంలో చనిపోయినవాళ్ళ గుర్తుని ఇంకో యుద్ధం వచ్చి కొట్టింది. తొందరలో దాటేయకండి.

స్టాలిన్ విగ్రహం పెట్టారని విన్నాం, నిజమేనా?

2010లో మిత్రదేశాల నాయకుల విగ్రహాలతోపాటు స్టాలిన్ తల విగ్రహం (బస్ట్) కూడా పెట్టారు, చాలా గొడవైంది, ఆ ఏడాదే తీసేశారు. ఇప్పుడు వెళ్తే కనపడదు.

ఇక్కడ సమాధులున్నాయా? చెప్పులు విప్పాలా?

సమాధులు లేవు. ఆ రోజు పోయినవాళ్ళని నార్మండీలోనే పూడ్చారు, యుద్ధం అయ్యాక అక్కడే ఉంచాలా ఇంటికి తేవాలా అని కుటుంబాల్ని అడిగారు, కొందరు తెప్పించుకున్నారు, కొందరు అక్కడే ఉంచేశారు. చెప్పులు విప్పాలన్న రూల్ లేదు. మా అత్తయ్యగారు మాత్రం పేర్ల దగ్గర చెప్పులు పక్కన విడిచి దణ్ణం పెట్టుకున్నారు, అక్కడున్న ముసలి వాలంటీర్ ఒకాయన తన టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆవిడ లేచేదాకా అలాగే నిలబడ్డారు.

## ఊళ్ళోకి వెళ్తే

మెమోరియల్ చూసేశాం, ఊళ్ళో ఇంకేం చూడాలి?

కౌంటీ కోర్టు ముందున్న రాయి. తప్పకుండా చూడండి. పెద్ద మెమోరియల్ 2001లో వచ్చింది గానీ బెడ్‌ఫర్డ్ వాళ్ళు తమ పిల్లల కోసం అంతకు చాలా ముందే, 1954 జూన్ 6నే రాయి నిలబెట్టుకున్నారు. ఆ రాయి వాళ్ళు దిగిన వీర్‌విల్ ఊరి నుంచి తెప్పించింది, ప్రారంభించింది వాళ్ళ 29వ డివిజన్‌ని నడిపిన జనరల్ గెర్‌హార్ట్. టికెట్ లేదు, గైడ్ లేడు, పక్కనే జనం కోర్టు పనుల మీద కాగితాలు పట్టుకుని తిరుగుతుంటారు. కౌంటీ సొంత స్మారకం అంటే నాకు అదే.

టెలిగ్రాములు వచ్చిన మందుల షాపు ఇంకా ఉందా?

షాపు లేదు, బిల్డింగ్ ఉంది, 2019 నుంచి అందులో బెడ్‌ఫర్డ్ బాయ్స్ (ఈ ఊరి సైనికుల్ని అలా అంటారు) ట్రిబ్యూట్ సెంటర్ నడుస్తోంది, మెయిన్ స్ట్రీట్ మీదే. అప్పట్లో అది గ్రీన్స్ డ్రగ్ స్టోర్, లోపల ఒక మూల వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ మెషీన్. 1944 జులై 17, సోమవారం పొద్దున ఎలిజబెత్ టీస్ అనే 21 ఏళ్ళ అమ్మాయి మెషీన్ ఆన్ చేసింది. జూన్ 6 అయి నెల దాటిపోయింది, ఊళ్ళో చాలా ఇళ్ళకి ఇంకా ఏ కబురూ లేదు. మామూలుగా ఎప్పుడో ఒకటి వచ్చే చావుకబురు ఆరోజు ఒకటి అయ్యాక ఇంకోటి, ఆగకుండా వచ్చాయి. ఇళ్ళకి చేర్చడానికి షెరీఫ్‌ని, టాక్సీ డ్రైవర్‌ని, ఎవరు దొరికితే వాళ్ళని పంపాల్సి వచ్చింది. ఆ పేర్లలో చాలామంది ఆ అమ్మాయికి తెలిసినవాళ్ళే.

బైబిల్ ఒడ్డుకి కొట్టుకొచ్చిందన్న కథ నిజమేనా?

నిజం. హోబ్యాక్ కుటుంబంలో ఇద్దరన్నదమ్ములు, బెడ్‌ఫర్డ్ (ఊరి పేరే ఆయన పేరు), రేమండ్. ఇద్దరూ జూన్ 6నే పోయారు. వాళ్ళింట్లో ఆదివారం చర్చికి తయారవుతుండగా పెద్దవాడి కబురు వచ్చింది, మర్నాడు చిన్నవాడు కనపడట్లేదన్న కబురు వచ్చింది. రేమండ్ శరీరం దొరకనేలేదు. కొన్నాళ్ళకి వెస్ట్ వర్జీనియాకి చెందిన ఒక సైనికుడి నుంచి పార్సెల్ వచ్చింది, బీచ్‌లో ఇసుక మీద దొరికిన బైబిల్, లోపల అడ్రస్ ఉంది. 1938 క్రిస్మస్‌కి ఇంట్లోవాళ్ళు రేమండ్‌కి ఇచ్చింది అది. పంపినాయన ఉత్తరంలో మీ అబ్బాయి క్షేమంగానే ఉన్నాడనుకుంటున్నా అన్నట్టు రాశాడు, ఆయనకి తెలీదు. బెడ్‌ఫర్డ్‌ సమాధి ఫ్రాన్స్‌లో కొల్‌విల్‌లో ఉంది, రేమండ్ పేరు అక్కడే కనపడకుండా పోయినవాళ్ళ గోడ మీద ఉంది.

కవల సోదరుల కథ కూడా చెప్తారు, ఏంటది?

రాయ్ స్టీవెన్స్, రే స్టీవెన్స్. దిగేముందు ఓడ మీద రే చెయ్యి చాపాడు, రాయ్ పట్టుకోలేదు, వీర్‌విల్ కూడలి దగ్గర కలిసినప్పుడు పట్టుకుందాంలే అన్నాడు. రాయ్ పడవ ఒడ్డు చేరకముందే మునిగింది, వాళ్ళని వేరే పడవ ఎక్కించుకుని వెనక్కి తీసుకెళ్ళింది, అందువల్లే బతికాడు. నాలుగు రోజులకి తీరం చేరి కొత్తగా తవ్విన సమాధుల మధ్య నడుస్తుంటే రే సమాధి కనపడింది. ఆ చెయ్యి పట్టుకోకపోవడం గురించి ఆయన 2007లో చనిపోయేదాకా చెప్పుకున్నాడు.

తినడానికి ఏం దొరుకుతుంది? మన ఫుడ్ ఉందా?

బెడ్‌ఫర్డ్ మెయిన్ స్ట్రీట్‌లో చిన్న చిన్న కెఫేలు ఉన్నాయి, ఇండియన్ కావాలంటే రోనోక్ లేదా లించ్‌బర్గ్. పెద్దవాళ్ళుంటే పులిహోర, పెరుగన్నం కట్టుకుని రండి.

## తిరిగొచ్చాక అడిగేవి

ఇంత కట్టడానికి డబ్బులెవరిచ్చారు? దివాలా తీసిందని విన్నాం

ఎక్కువ విరాళాలే. స్నూపీ బొమ్మలు గీసిన చార్ల్స్ షుల్జ్, ఆయన కూడా రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసినవాడే, పెద్ద మొత్తం ఇచ్చారు. బతికున్న వెటరన్లు చూడాలన్న తొందరలో చేతిలో డబ్బు లేకుండానే కట్టుకుంటూ పోయారు, ప్రారంభం అయ్యేసరికి అప్పులు మిలియన్లలో ఉన్నాయి, 2002లో దివాలా పిటిషన్ వేశారు. తర్వాత కోలుకుంది. డబ్బు విషయంలో తప్పే, కానీ ఆ తొందర మాత్రం నాకు అర్థమవుతుంది, ఇంకో పదేళ్ళు ఆగుంటే ఆ ముసలివాళ్ళలో సగంమంది ఉండేవాళ్ళు కాదు.

నార్మండీ వెళ్ళి సిమెట్రీ చూసొచ్చాం, ఇది కూడా చూడాలా?

చూడండి. అక్కడ 9,300 పైగా తెల్లటి సమాధులు, సముద్రం. వాళ్ళు ఎక్కడ పడిపోయారో అక్కడ తెలుస్తుంది, ఎక్కడి నుంచి వెళ్ళారో, ఎవరు ఎదురు చూశారో ఇక్కడ తెలుస్తుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి, మనమే వెళ్ళం. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు, తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్ళిన ఊరు, అక్కడ స్మారకం ఉంది. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గర సైనిక స్మారక్, విశాఖ బీచ్ రోడ్డులో 1971 యుద్ధానికి గుర్తుగా విక్టరీ ఎట్ సీ ఉన్నాయి. 2020లో గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్ బాబు విగ్రహం సూర్యాపేటలో ఉంది. ఇండియా వెళ్ళినప్పుడు పిల్లలకి ఒక్కటైనా చూపించండి.

బెడ్‌ఫర్డ్ బాయ్స్‌లో ఇంకా ఎవరైనా బతికున్నారా?

లేరు. చివరివాడు రే నాన్స్. లెఫ్టినెంట్‌గా ఒమాహాలో దిగి కాలికి తూటా తగిలి బతికాడు. ఇంటికొచ్చాక ఆ బీచ్ గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదంటారు. బెడ్‌ఫర్డ్ కౌంటీ పల్లెల్లో ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. 2009 ఏప్రిల్‌లో, 94 ఏళ్ళకి పోయాడు.